కుక్కలకు కాపలా

ఇల్లు లేనివాడు గుడారం వేసుకుంటే దిక్కుమాలినతనం అంటారు, ఇల్లున్నవాడు వేసుకుంటే విహారం అంటారు, గుడ్డ అదే, మేకులు అవే, లోపలికి దూరే చీమలు కూడా అవే అని అబ్దుల్ ఖాదర్ తనలో తాను ఒక నిర్వచనం కూర్చుకుని, ఒక్క మాట అటూ ఇటూ అయినా ఒప్పుకోని పాత అలవాటు కొద్దీ దాన్ని మళ్ళీ ఒకసారి సరిచూసుకుని, ప్రాణహిత ఇసుక మీద నారింజరంగు గుడారం ముందు, నేలకు జానెడెత్తున్న మడత కుర్చీలో, మోకాళ్ళు దాదాపు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నాడు. ఎడమ మణికట్టుకు రెండు కుక్కల తాళ్ళు చుట్టి ఉన్నాయి. కుడిచేతిలో ఫోను ఉంది. ఫోను మోగాలని అతడు ఎదురుచూడటం లేదు. ఫోను చేతిలో ఉంది, అంతే. చేతిలో ఉన్న ప్రతి వస్తువు కోసమూ మనిషి ఎదురుచూస్తున్నాడనుకోవడం సాక్ష్యం లేని అనుమానం. సిరొంచలో మసీదు వెనక సందులో అతడి అక్క జోహ్రా మంచం పట్టి ఉంది. చంద్రపూర్ డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు, ఆ మాటకు అర్థమేమిటో వాళ్ళు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు, ఆ మాత్రం మరాఠీ అందరికీ వచ్చు. పొద్దున్నించి ఊపిరి బరువైందని కబురొస్తే ఆమె మనవరాలు ఇక్రా ఆటో ఎక్కుతూ, కుక్కలు ఆటో వెంట పరుగెత్తకుండా ఈ తాళ్ళు అతడి చేతికి చుట్టి, "నీకు ఎట్లైనా నమ్మకం లేదు గద దాదా, జర వీళ్ళను పట్టుకో" అని వెళ్ళింది. జీవితమంతా చదివిన చదువుకు, చేసిన వాదాలకు, పడగొట్టిన భ్రమలకు చిట్టచివర దక్కిన ఉద్యోగం ఇది. నమ్మకం లేదు కాబట్టి కుక్కలకు కాపలా.

చల్లటి గాలి ఏటి మీంచి వస్తోంది, పుష్యమాసపు గాలి, గుడారం గుడ్డ బుగ్గలు పూరించి వదులుతోంది, ఆ చప్పుడుకు పెద్ద కుక్క ఒక కన్ను తెరిచి మూస్తోంది. దాని పేరు మర్ఫీ. మర్ఫీ అంటే మా ఇంట్ల రేడియో పేరు గదా అని ఊళ్ళో ముసలివాళ్ళంతా నవ్వారు, ఆ నవ్వులో కూడా కొత్తదనం లేదు, ఒక్కడు నవ్వింది చూసి పదిమంది నవ్వడమే. తెలుపూ నలుపూ కలిసిన ఆ బొచ్చు కుక్క ఐర్లండ్ నుంచి విమానంలో వచ్చింది, టీకాల కాగితాలతో, చర్మం కింద గుర్తింపు బిళ్ళతో వచ్చింది, ఈ తాలూకా మొత్తం వెతికినా ఇంత సక్రమంగా కాగితాలున్న ప్రాణి ఇంకొకటి దొరకదు. దాని పక్కన ఇసుకలో గుంత తవ్వుకుని ముడుచుకున్న ఎర్రది లాల్య, బస్టాండులో పుట్టి బస్టాండులో పెరిగింది, ఇక్రా వేసిన ఒక బిస్కెట్టుకు తన స్వాతంత్ర్యం అమ్ముకుని వెంట వచ్చింది. కుక్కల పట్ల అతడికి ప్రేమ ఉందని ఎవరైనా అనుకుంటే అదీ మూఢనమ్మకమే. యజమాని మొహం చూసి తోక ఊపే తీరు, తన్నినా తిరిగొచ్చే తీరు, నాకడం ద్వారా పదోన్నతి సంపాదించే తీరు అతడు జిల్లా పరిషత్ బళ్ళలో చాలా చూశాడు, వాటికి తోకలు లేవు, అదొక్కటే తేడా.

ఈ గుడారం ఇక్కడ ఎందుకు లేచిందో అడిగిన ప్రతివాడికీ ఒక్కో జవాబు దొరికింది. పోలీసులు వచ్చి ఎవరు పంపారని అడిగారు. అటవీశాఖ మనిషి నిప్పు పెడతావా అని అడిగాడు. ఇసుక కాంట్రాక్టు వాళ్ళ మనిషి దూరం నుంచి ఫోటోలు తీసుకుని వెళ్ళాడు, వాడి లెక్కలో ఇసుక మీద ఎవరు కూర్చున్నా సర్వే కోసమే. బామ్ని నుంచి ఆడవాళ్ళు ఎడ్లబండి కట్టించుకుని వచ్చి, నీ మొగుడేడి అని అడిగి, లేడంటే జాలిపడి, వండిన జొన్నరొట్టెలు ఇచ్చి వెళ్ళారు. అసలు సంగతి ఎవరికీ అక్కర్లేదు. అసలు సంగతి చాలా చిన్నది, చాలా మూర్ఖమైనది. జోహ్రా పెద్ద కొడుకు అమీర్ కరెంటు పని నేర్చుకుని మస్కట్ వెళ్ళాడు, అక్కడ నర్సు పని చేసే నిజామాబాద్ పిల్లను పెళ్ళాడాడు, ఆ పిల్లకు ఐర్లండ్‌లో ఉద్యోగం వస్తే వెంట వెళ్ళాడు, అప్పటికి ఇక్రా పలక పట్టే వయసు. కొత్త దేశంలో మొదటి ఏడాది ఎవరూ పలకరించలేదట. వాన పడుతోంది అంటే అవును పడుతోంది అనేవారట, అంతటితో ఆ దేశపు ఆప్యాయత అయిపోయేదట. అప్పుడు తోటి పనివాడొకడు అమీర్‌కు ఉపదేశం చేశాడు, ఒక కుక్కను తెచ్చుకో, ఒక గుడారం కొనుక్కో, సెలవు రోజున చెరువు గట్టుకు రా అని. అమీర్, సిరొంచ సందులో కుక్క ఎదురైతే అరుగెక్కి నిలబడిన అమీర్, తడిసిన గుడారంలో, తడిసిన కుక్క కాళ్ళ మీద పడుకుంటే, గుర్తున్న ఖురాన్ ఆయతులన్నీ చదువుకుంటూ తెల్లవారేదాకా ఉన్నాడట. తెల్లవారాక పక్క గుడారాల నుంచి జనం వచ్చారట. పేరేమిటని అడిగారట, కుక్క పేరు. ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో అతడు మర్ఫీ వాళ్ళ నాన్న. మనిషికి గుర్తింపు కుక్క సిఫారసు మీద ఇచ్చే దేశం నాగరికతలో ముందుందని చెప్పుకుంటారు. ఆ మర్ఫీ చచ్చిపోతే రెండో కుక్కకూ అదే పేరు పెట్టారు, లేకపోతే అమీర్ మళ్ళీ ఎవరూ కానివాడై పోతాడని. తల్లితో వీడియోలో మాట్లాడేటప్పుడు మాత్రం కుక్కను స్నానాల గదిలో పెట్టి గడియ వేసేవాడు. అది మొరిగితే పక్కింటిది అమ్మీ అనేవాడు. పక్కింటివాళ్ళు దాన్ని సరిగా సాకుతలేరు, ఎప్పుడూ ఏడుస్తది అని జోహ్రా పాపం ఏళ్ళ తరబడి ఆ పక్కింటివాళ్ళను తిట్టింది.

ఇక్రా ఆ పాఠం వంటబట్టించుకుంది. దాదీ మంచం పట్టిందని తెలిసి, చేస్తున్న ఉద్యోగం వదిలి, ఇక్కడే ఉండిపోతానని మర్ఫీని తీసుకుని దిగింది. ఆమెకు ఈ దేశం కొత్త దేశమే, తల్లి దగ్గర నేర్చిన తెలుగు తప్ప ఇక్కడిది ఏదీ తెలియదు. జోహ్రా గుమ్మంలోనే ఆపింది. పిల్ల లోపలికి, కుక్క బయటికి, కుక్క ఉన్న ఇంట్లోకి అల్లా పంపే ఫరిష్తాలు రారు, నాకిప్పుడు ఫరిష్తాలు వచ్చే టైము, అంది. ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో, దాన్ని ఎంత పనికిమాలిన దానికి ఖర్చుపెట్టిందో. కుక్క బయట ఉంటే నేనూ బయటనే అని పిల్ల ఏటి ఒడ్డుకు వచ్చి గుడారం వేసింది. కొత్త దేశంల మొదలు డేరా ఎయ్యాలె దాదా, కుక్కను కట్టెయ్యాలె, జనం వాళ్ళే వచ్చి మాట్లాడుతరు అని అతడికి సిద్ధాంతం బోధించింది. ఒక చోట పనిచేసిన తాళంచెవి ప్రపంచంలోని అన్ని తాళాలకూ సరిపోతుందనుకునే ఆ తర్కదోషానికి తర్కశాస్త్రంలో పేరుంది, ఆమెకు చెప్పాడు కూడా. ఆమె నవ్వి గుడారం మేకు ఇంకో దెబ్బ కొట్టింది. జనం వచ్చారు, నిజమే. రానిది, ఆమె ఎవరి కోసం వచ్చిందో ఆ సందులోని వాళ్ళే. చిన్నాన్న అల్తమష్, జోహ్రా చిన్న కొడుకు, మెయిన్ రోడ్డు మీద మొబైల్ దుకాణం పెట్టుకుని, ఈ గుడారం కనబడకుండా ఉండేందుకు దుకాణం కుర్చీ అటు తిప్పి వేసుకున్నాడని ఊరంతా చెప్పుకుంది. ఇక్రా రోజూ పొద్దున ఖాదర్ ఇంటికి వచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు దాదీ దగ్గరికి వెళ్తుంది. ఏ పవిత్రతనూ ఏ అపవిత్రతనూ ఒప్పుకోని అతడి ఇల్లు ఆ రెండింటికీ మధ్య చెక్‌పోస్టు అయింది. మరి కుక్కలను అక్కడే ఉంచవచ్చు గదా అని ఆమె అడిగింది. నమ్మకం లేకపోవడం వేరు, బొచ్చు రాలడం వేరు అని చెప్పాడు.

మసీదు సందులో ఫరిష్తాలను తరిమే ప్రాణి, కాస్త అవతలకు పోగానే దేవుడి పరివారం. దత్తయ్య కిరాణా దుకాణం కట్టేసి గురువారం గురువారం పాల డబ్బాతో వస్తున్నాడు, దత్తదేవుని కాళ్ళ దగ్గర కుక్కలుంటాయి కాబట్టి. అందులోనూ ఒక ఒంటరి ఆడపిల్ల, కాషాయానికి దగ్గరగా ఉన్న గుడారం, నదీతీరం, రెండు కుక్కలు. రేగుంట నుంచి వచ్చినవాళ్ళు ఒకరిద్దరు చెప్పులు దూరంగా విడిచారు కూడా. ఆ పిల్ల పేరు ఇక్రా అని తెలిస్తే మళ్ళీ తొడుక్కుంటారేమో, అదీ చూడదగ్గదే. నిన్న దత్తయ్య పాలు పోస్తూ, సారు మొహం చూసి, ఎందుకైనా మంచిదని నచ్చజెప్పబోయాడు.

"ఖాదర్ సార్, ఉత్త కుక్కలనుకోకుండ్రి. ఆ బొచ్చుదాని కండ్లు చూడుండ్రి జర. మనిషిని గుర్తువట్టినట్టు లేదూ?"

"పాల డబ్బాను గుర్తుపడుతున్నది దత్తయ్యా."

"మీరు గంతే సార్. దేవుడొచ్చి ఎదురుంగ నిలవడ్డా ఆధార్ కార్డు అడుగుతరు."

అడుగుతాడు. ఎందుకు అడగకూడదు. రేషన్ బియ్యానికి అడిగితే ఇస్తారు, మోక్షానికి అడిగితే కోపం వస్తుంది. దేవుడి పేరు చెప్పి వచ్చినవాళ్ళందరినీ అతడు ఆధారాలు అడుగుతూనే వచ్చాడు, మరాఠీలో సైన్సు చెప్పి, తెలుగులో ఇంటికి నడిచి, ఉర్దూలో తిట్లు తిన్నాడు. జిమల్‌గట్టలో ఉన్నప్పుడు పాము కరిచినవాణ్ణి మంత్రగాడి ముందు నుంచి లేపి ఆస్పత్రికి మోయించాడు, వాడు బతికాడు, బతికి లేచి మంత్రగాడికే కోడిని ఇచ్చాడు. మనుషుల మీద అసహ్యం ఒక్కరోజులో పుట్టదు, ఇలాంటి కోళ్ళు చాలా కావాలి.

లాల్య లేచి ఒళ్ళు దులుపుకుంది. ఇసుక అతడి పైజామా మీద పడింది. ఏటికి అడ్డంగా పడవ ఒకటి పోతోంది, అందులో ఒక మోటారు సైకిలు, దాని మీద కూర్చునే ఉన్న మనిషి, పడవలో కూడా బండి దిగని ఠీవి. ఇక్రా ఫోను చేయలేదు. చేస్తే ఏం చెబుతుందో అతడికి తెలుసు, దానికి చెప్పాల్సిన జవాబు మధ్యాహ్నం నుంచి కూర్చుకుంటున్నాడు. జోహ్రా షరతు కొత్తది కాదు. అబ్బా పోయినరోజు అతడు జనాజా నమాజుకు నిలబడలేదు, నమ్మనివాడు వరుసలో నిలబడి పెదవులు కదిలిస్తే అది చచ్చినవాడికీ అవమానమే, నమ్మినవాళ్ళకూ అవమానమే, అందుకని కబరస్తాన్ గోడ బయట చెప్పులతో నిలబడ్డాడు. అది నిజాయితీ. దాన్ని నిజాయితీ అని ఒక్కరూ అనలేదు. గోడ మీంచి చూసిన ప్రతివాడూ చెప్పులనే చూశాడు. జోహ్రా గుమ్మంలో నిలబడి, కల్మా చదివి, నమ్ముతున్నానని చెప్పి రా, అప్పటిదాకా ఈ గడప నీది కాదు అంది, తలుపు మూసింది, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, అమ్మీ పోయాక చదువు మానేసి వాడి బడి సంచీ కుట్టిన మనిషి, ఆ తలుపు మళ్ళీ తీయలేదు. అతడూ తట్టలేదు. ఇద్దరిదీ ఒకటే రక్తం, అందులో ఇనుము ఎక్కువ.

కాబట్టి ఇవాళ కబురొస్తే షరతు అదే ఉంటుంది, మంచం మీద ఉన్నది కాబట్టి ఇంకా గట్టిగా ఉంటుంది. జవాబు ఇది. ఆపా, నీకు అబద్ధం చెప్పి నిన్ను సంతోషపెట్టడం నాకు తెలియక కాదు, ఇంతకాలం నిన్ను మోసం చేయని ఒకే ఒక మనిషిని నేను, చివరి పూట ఆ ఒక్కడినీ నీ నుంచి తీసేయలేను. బాగుంది. తీసేయలేను అన్నదానికన్నా దూరం చేయలేను అంటే మెత్తగా ఉంటుందేమో, కానీ మెత్తదనం ఎందుకు, మెత్తదనం అబద్ధానికి అత్తగారిల్లు. దాదాపు ఉపన్యాసం సిద్ధమైంది. చప్పట్లు కొట్టడానికి రెండు కుక్కలున్నాయి. మర్ఫీ మెడ చాచి అతడి అరచేతిని, ఫోనుతో సహా, నిదానంగా, మణికట్టు నుంచి వేళ్ళ చివరిదాకా నాకింది. చేయి తీసేయాలనుకుని తీయలేదు. వెచ్చగా ఉంది. వెచ్చదనం ఒక ఉష్ణోగ్రత, అంతకుమించి ఏమీ కాదు.

ఆ వరద ఏడు, ఏరు సిరొంచ పల్లపు వాడల్లోకి వచ్చిన ఏడు, ఇట్లాగే గుడ్డల కిందే ఉన్నారు అందరూ. రోడ్డు వెంట నీలం తాటిపత్రులు, టార్పాలిన్ పట్టాలు, కర్రలకు కట్టి, మేకలతో, టీవీ డిష్‌లతో, పెళ్ళి బీరువాలతో. ఎవరూ దాన్ని విహారం అనలేదు, ఆ చెరువు గట్టు మీదిలా తెల్లవారి వచ్చి కుక్క పేరు అడగలేదు, వచ్చింది ఖిచిడీ బండి ఒక్కటే, దాని ముందు తహసీలు గుమాస్తా పేర్లు పిలుస్తుంటే జనం ఒకరినొకరు తోసుకున్నారు. అతడి తాటిపత్రికి పక్కదే జోహ్రాది. నడుమ ఒక పాత చీర. చీర అవతల ఆమె దగ్గు వినిపించేది. అతడితో మాట్లాడదు కదా, మాట్లాడకూడదు కదా, అందుకని తన మేకతో మాట్లాడేది, సందంతా వినబడేటంత గట్టిగా.

"తిన్నవా లేదా? బీపీ గోలీ ఏసుకున్నవా? కాళ్ళు నీళ్ళల పెట్టకు, పుండ్లయితయి. ముసలితనమచ్చినా అకల్ రాలే నీకు."

మేక ఆమె మొహం చూస్తూ నమిలేది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వు ఆపుకునేవారు. అతడు చీర ఇవతల కూర్చుని, సంస్కారం లేని మనిషి, పశువును అడ్డం పెట్టుకుని మనిషిని సాధించే మనిషి అని పళ్ళు కొరికి, గోలీ వేసుకున్నాడు. నీళ్ళు తీశాయి, చీర తీశారు, ఎవరి ఇంటికి వాళ్ళు పోయి ఎవరి బురద వాళ్ళు ఎత్తిపోసుకున్నారు. ఆ తర్వాత మేక గొంతు, అంటే ఆమె గొంతు, అతడు మళ్ళీ వినలేదు. వినాలని అనుకోలేదు. అనుకోలేదు అన్న మాటను ఎన్నిసార్లు అనుకుంటే అది అనుకోవడం అవుతుందో లెక్క కట్టాలి.

పొద్దు వాలింది. ఇసుక మీద గుడారం నీడ ఏటిదాకా సాగి నీళ్ళలో విరిగింది. అసర్ అజాన్ ఎప్పుడో అయిపోయింది, మగ్రిబ్ ఇంకా కాలేదు, దేవుడు కాసేపు మౌనంగా ఉండే సమయం ఇది, ఊళ్ళో అతడికి నచ్చే సమయం ఇదొక్కటే. అప్పుడు కుక్కలు రెండూ ఒకేసారి లేచాయి. ఇసుక దారిలో బండి ఒకటి ఊగుతూ, అక్కడక్కడా కాళ్ళు నేల మీద ఆనించుకుంటూ వస్తోంది. తెల్లటి లాల్చీ, తలమీద టోపీ. ఇన్నాళ్ళూ కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్న అల్తమష్. ఫోనుకు బదులు మనిషి వచ్చాడంటే అయిపోయిందేమో. అతడు లేవబోయాడు, మడత కుర్చీ వదల్లేదు, ఇంత హీనమైన కుర్చీని కనిపెట్టినవాడెవడో కూర్చుని చూసుకోలేదు. అల్తమష్ బండి ఆపి, కుక్కలకు నాలుగు బారల దూరంలో నిలబడ్డాడు. మొహం చూస్తే అయిపోలేదు. అయిపోయినవాళ్ళ మొహం వేరుగా ఉంటుంది.

"మామూ, అమ్మీ నిన్ను తోల్కరమ్మన్నది."

ఉపన్యాసం నాలుక చివరికి వచ్చింది. ఇంతకాలం నిన్ను మోసం చేయని ఒకే ఒక మనిషిని. అతడు గొంతు సవరించుకున్నాడు. "చూడు అల్తమష్, మీ అమ్మ ఏం అడుగుతదో నాకెరుక. అది నాతోని..."

"ఏమడగలే మామూ. ఖాదర్ ఏడున్నడు అన్నది. ఏటి కాడ కుక్కలను పట్టుకున్నడు అని ఇక్రా చెప్పింది. చేతులు కడుక్కొని రమ్మను అన్నది. గంతే."

"ఇంకేం అనలేదా?"

"మట్టితోని, ఏడుసార్లు కడుక్కోమన్నది. అటెనుక కండ్లు మూసుకున్నది. ఊపిరి ఇట్ల ఇట్ల గుంజుతున్నది. జల్ది రా మామూ."

కల్మా అడగలేదు. ఇన్నేళ్ళు గడప మీద కాపలా కాసిన ఆ మాటను ఆమె ఏ ఊపిరికి ఏ ఊపిరికి నడుమ వదిలేసిందో. ఈమాన్, విశ్వాసం, అడగలేదు, చేతులు కడుక్కోమంది, భోజనానికి పిలిచిన పిల్లవాడికి చెప్పినట్టు. అతడి దగ్గర ఇంత పెద్ద నిరాకరణ సిద్ధంగా ఉంది, మధ్యాహ్నం నుంచి నూరి పదును పెట్టింది, ఇంత చిన్న షరతు మీద దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. తెలియక, తెలిసిన చోటికి, గ్రంథంలోకి పోయాడు.

"ఏడెక్కడిది రా? మీ మజ్‌హబ్ శాస్త్రంల మూడే. ఏడు అన్నది కుక్క మూతివెట్టిన గిన్నెకు చెప్పింది. అదిగాక పారే నీళ్ళల కడుక్కుంటె లెక్కనే లేదు. మీ పుస్తకం మీకే తెల్వదు."

అల్తమష్ అతడి మొహంలోకి చూశాడు, కుక్కల సంగతి మరిచి రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"అది వచ్చి అమ్మీకే చెప్పు మామూ. ఇనేటట్టుంటె."

గాలి గుడారాన్ని ఊపి వదిలింది. అతడు తాళ్ళు విప్పుకోబోయాడు. ఎవరికివ్వాలి? గుడారానికి కడితే మర్ఫీ గుడారంతో సహా ఊళ్ళోకి వస్తుంది, ఒక మేకుకు ఆగే శాల్తీ కాదది. వదిలేస్తే బండి వెంట ఆ సందులోకి, ఆ గుమ్మంలోకి, ఆమె ఫరిష్తాల నడుమకు వస్తుంది. అల్తమష్‌కు అర్థమైంది. జేబులోంచి చేతిరుమాలు తీసి అరచేతికి చుట్టుకున్నాడు, ముళ్ళకంపను పట్టుకోబోయేవాడిలా పళ్ళు బిగించి చేయి చాచాడు.

"ఇటియ్యి. నేనుంట. బండి నువ్వు తీస్కపో."

"నువ్వు కొడుకువు రా. నువ్వు లేకుంటే..."

"నేను నెలసంది ఆడనే ఉన్న మామూ. నన్ను పిలువలే అమ్మీ. నిన్ను పిలిచింది."

ఆ రుమాలును వెక్కిరించడానికి మంచి మాట ఒకటి నోటిదాకా వచ్చింది, చాలా మంచి మాట, రుమాలు దారాల మధ్య సందులు ఎంత ఉంటాయో కుక్క లాలాజలానికి తెలియదా అన్న అర్థం వచ్చేది. తాళ్ళు చేయి మారాయి, మర్ఫీ అల్తమష్ మోకాళ్ళ చుట్టూ ఒక చుట్టు చుట్టి, కొత్త మనిషికి కొత్త దేశపు మర్యాదగా, ఆ తెల్లని లాల్చీ అంచును నాకింది. అల్తమష్ కళ్ళు మూసుకుని, ఏదో చదువుకుంటూ, తాళ్ళు మాత్రం వదలకుండా నిలబడ్డాడు. మంచి మాట నోట్లోనే చల్లబడింది. ఖాదర్ ఏటి అంచుకు నడిచాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇసుక మట్టి అవుతుందా అని ఒక సందేహం, పండితులు దాని మీద కూడా వాదించే ఉంటారు, అంచున నల్లగా ఒండ్రు కనిపిస్తే అది తీసుకున్నాడు. ఒకటి. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్దాడు, చేసేదేదో సరిగా చేయాలి, నమ్మకం లేని పని అయితే మరీ సరిగా చేయాలి. రెండు. పారే నీళ్ళు పారుతూనే ఉన్నాయి, వాటికి లెక్కతో పనిలేదు, మజ్‌హబ్‌తోనూ లేదు. మూడు. ఇక్కడితో చాలు, శాస్త్రం ఇక్కడితో అయిపోయింది, ఇక చేసేదంతా ఎవరి పుస్తకంలోనూ లేదు, ఒక ముసలమ్మ అజ్ఞానంలో తప్ప ఎక్కడా లేదు. నాలుగు. ఆ బండికి గేర్లు కిందికా పైకా. ఊపిరి ఇట్ల ఇట్ల గుంజుతున్నది అన్నాడు, ఎట్ల, చేయి చూపించాడు గానీ తాను చూడలేదు, తాను అప్పుడు మూడా ఏడా అని చూస్తున్నాడు. పోయేసరికి కళ్ళు తెరుస్తుందా, తెరిస్తే ముందు చేతులే చూస్తుంది, మొహం చూడదు, తనకు తెలుసు, చేతులు పట్టుకుని తిప్పి చూస్తుంది, అడుగుతుంది, ఎన్నిసార్లు అని అడుగుతుంది. ఐదు. ఐదా, ఆరా? అతడు ఆగాడు. నీళ్ళు మోచేతుల నుంచి కారుతున్నాయి. బడిలో ఒక్క అంకె తప్పితే మొత్తం లెక్క కొట్టేసేవాడు.

"అయిందా మామూ?" అల్తమష్ కుక్కల మధ్య నుంచి కేక వేశాడు.

"ఆగు."

ఐదో ఆరో తేలలేదు. అడిగితే ఆమెకు ఏం చెప్పాలి. ఖాదర్ వంగి మళ్ళీ ఒండ్రు తీసుకున్నాడు, ఈసారి పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.